ఎడమముక్కు లస్కరు

పంచాయతీ ఆఫీసు కప్పు మీదికి మేకలెక్కి అక్కడే కాపురం పెట్టిన వరద వచ్చిందే, ఆ మరుసటి ఏడు జరిగిందిది. ఆ వరదలో మెరకపాలెం లాకుల దగ్గర కాలువ గట్టు తెగింది. తెగిన చోట మట్టికి బదులు చెరకు పిప్పి, పాత గోనెలు, విరిగిన మంచం కోడు ఒకటి బయటపడ్డాయి. గట్టుకి పోయాల్సిన మట్టి ఎవరి మేడ పునాదుల్లోకి పోయిందో ఊళ్ళో గేదెలక్కూడా తెలుసు. అందుకని ప్రభుత్వంవారు గేదెల్ని అడక్కుండా కమిటీ వేశారు.

కమిటీవారు వచ్చారు, గట్టు మీద నడిచారు, కొబ్బరిబొండాలు తాగారు, వెళ్ళారు. చాలా కాలం ఆలోచించి గట్టు తెగడానికి కారణం కనిపెట్టారు. అది మట్టి కాదట. ముక్కట.

"సంఘటన జరిగిన సమయమున విధి నిర్వహణలో నున్న లస్కరు యొక్క ఏ నాసికా రంధ్రము నుండి శ్వాస ప్రసరించుచుండెనో నమోదు చేయబడి యుండలేదు. ఇది మిక్కిలి తీవ్రమైన లోపము" అని రాశారు.

ఆ మాట కమిటీవారికి ఊరికే తోచింది కాదు. కమిటీకి పెద్ద అయిన పెద్ద ఇంజనీరు విశ్వంభరరావు గారు ఆ వేసవిలో ఏదో కొండ మీద శిబిరానికి వెళ్ళి ముక్కు నేర్చుకొచ్చారు. మనిషి ముక్కుకి కన్నాలు రెండున్నా రెండూ సమానంగా పనిచెయ్యవు. కాసేపు కుడిది ధారాళంగా ఆడుతుంది, ఎడమది బిడియపడుతుంది. కొన్ని గంటలయ్యాక వంతు మారుతుంది. పొద్దున లేచింది మొదలు మళ్ళీ పొద్దున లేచేదాకా అలా ఎన్నోసార్లు మారుతూనే ఉంటుంది. ఇందులో అబద్ధమేమీ లేదు, ఎవరి ముక్కు కింద వాళ్ళు వేలు పెట్టుకుంటే తెలుస్తుంది. మన పెద్దవాళ్ళు కుడిదాన్ని సూర్యనాడి అన్నారు, ఎడమదాన్ని చంద్రనాడి అన్నారు. ప్రయాణమయ్యేటప్పుడు వేలు పెట్టి చూసుకుని బస్సెక్కేవారు. బస్సు తప్పిపోతే ముక్కుని మాత్రం ఏమీ అనేవారు కాదు.

కాలువల శాఖవారు అంత తేలిగ్గా వదల్లేదు. కదిలించే పనులన్నీ సూర్యనాడిలో, నిలిపే పనులన్నీ చంద్రనాడిలో చెయ్యాలని ఉత్తర్వు వేశారు. అంటే లాకుల షట్టరు ఎత్తాలంటే ఎత్తే లస్కరుకి కుడిముక్కు ఆడుతుండాలి. దించాలంటే ఎడమది ఆడుతుండాలి. ఏది ఆడుతోందో ఆ క్షణాన అసిస్టెంటు ఇంజనీరు స్వయంగా పరీక్షించి ధ్రువీకరించాలి.

మెరకపాలెం లాకుల లస్కరు పేరయ్య. మాట తక్కువ మనిషి. గొడుగు ముడిచి పెట్టుకున్నంత జాగ్రత్తగా నోరు మూసుకుని ఉంటాడు. లస్కరు పనిలో కుర్రాడిగా చేరాడు, జుట్టు నెరిసింది, ఇంకా తాత్కాలికమే. అతని తర్వాత వచ్చిన ఇంజనీర్లు పర్మినెంటయ్యారు, బదిలీ అయ్యారు, రిటైరయ్యారు, ఒకాయన కాలం చేసి ఫోటో కూడా అయ్యాడు. పేరయ్య మాత్రం తాత్కాలికంగానే షట్టరు ఎత్తుతూ, తాత్కాలికంగానే దించుతూ ఉన్నాడు. చచ్చేలోగా పర్మినెంటు కాగితం ఒకటి చూడాలని అతని కోరిక. దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు. ఇది కూడా పైకి అడగలేదు, మనసులోనే.

ఆ లాకుల సంగతి చెప్పాలి. షట్టరు ఎత్తితే నీళ్ళు కిందికి పోయి శివారు పొలాలకి చేరతాయి. దించితే పైన నిలబడి ఎగువ రైతుల తూముల్లోకి ఎక్కుతాయి. ఎగువ రైతుల్లో మొనగాడు దొరబాబు. శివారున పేరయ్య భార్య పాపాయమ్మ కౌలుకి చేసే చేను ఉంది. దాని చుట్టూ అలాంటి వాళ్ళవే మరికొన్ని. రెండో పంటగా దాళ్వా వరి వేసి ఉంది. పైరు పచ్చగా, ఊరిని నమ్మినంత అమాయకంగా నిలబడి ఉంది.

ఉత్తర్వు వచ్చిన ఉదయం అసిస్టెంటు ఇంజనీరు కోటిలింగం స్కూటరు మీద లాకుల దగ్గరికి వచ్చాడు.

"పేరయ్యా, ముక్కు చూపించు."

పేరయ్య తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "కారతందాండీ?"

"కారడం కాదయ్యా, ఆడడం. ఏ ముక్కు ఆడుతోంది?"

"రెండూ నాయేనండి."

కోటిలింగానికి ఇలాంటి జవాబులు రాసుకోవడానికి గడి లేదు. పరీక్షకి అద్దం కావాలి. అద్దాలు ఇంకా మంజూరు కాలేదు. స్కూటరు అద్దం మర విప్పి తెచ్చి పేరయ్య ముక్కు కింద పెట్టాడు. ఒక పక్క ఆవిరి పట్టింది, ఒక పక్క కొబ్బరిచెట్టు కనిపించింది.

"శభాష్! కుడిది. సూర్యనాడి. ఎత్తు."

పేరయ్య హేండిలు తగిలించి తిప్పడం మొదలుపెట్టాడు. ఆ హేండిలు తిప్పడమంటే మాటలు కాదు, నడుం విరుగుతుంది. కోటిలింగం అద్దం పట్టుకుని పక్కనే వంగి, పేరయ్య ముక్కు ఎటు ఊగితే అటు ఊగుతూ ఉన్నాడు. షట్టరు సగం లేచింది. నీళ్ళు కిందికి తోసుకుపోతున్నాయి.

"ఆపు! ఆపు! ఎడమది వచ్చింది!"

"సగంలో ఉందండి."

"ఉండనీ. చంద్రనాడిలో ఎత్తకూడదు."

"దించెయ్యనాండీ మరి?"

కోటిలింగం ఆలోచించాడు. అతను చదువుకున్నవాడు, ఆలోచించగలడు. "ఎత్తడం అనే కార్యం పూర్తయితే కదా దించడం అనే కార్యం పుట్టేది? అసంపూర్ణ కార్యానికి వ్యతిరేక కార్యం ఉండదు. ఉత్తర్వులో లేదు."

అలా షట్టరు సగంలో నిలబడిపోయింది. శివారుకి చేరాల్సిన నీళ్ళు దారిలో గడ్డికి, కప్పలకి సరిపోయాయి.

మొదట్లో పేరయ్యకి ఈ ఏర్పాటు బాగానే ఉంది. ఉన్నమాట చెప్పుకోవాలి. అప్పటిదాకా అతన్ని పిలిచినవాళ్ళంతా "ఒరే" అనో "ఏటి పేరయ్యా" అనో పిలిచినవాళ్ళే. ఇప్పుడు కాలవగట్టు మీద పోయేవాళ్ళు సైకిలు దిగి, "ముక్కెలా ఉందండి పేరయ్యగారూ?" అని అడిగేవారు. దొరబాబు ఇంట్లోంచి పెరుగు వచ్చింది. కిరాణా కొట్టులో బల్ల మీద కూర్చోమన్నారు. మనిషికి ముసలితనంలో మర్యాద దొరికితే, అది శరీరంలో ఏ భాగానికి దొరికిందని చూసుకోడు. పేరయ్య మెడ కాస్త నిటారుగా పెట్టి నడవడం మొదలుపెట్టాడు, ముక్కు ముందు వెళ్ళాలని.

పాపాయమ్మ మాత్రం చేలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి కడిగేసింది.

"ఊరంతా నీ ముక్కుని మొక్కుతున్నారు కాబోలు. నా చేనుకి నీళ్ళు రాపోతే ఆ ముక్కు కోసి పప్పులో వేత్తాను."

"నా చేతుల్లో ఏటుందే."

"నీ చేతుల్లో హేండిలుందయ్యా!"

పేరయ్య మాట్లాడలేదు. అతను మాట్లాడకపోవడం ఆమెకి కొత్త కాదు. కానీ ఆ రోజు నిటారు మెడతో మాట్లాడకపోవడం కొత్త.

ఇంతలో దొరబాబుకి ఒక రహస్యం తెలిసింది. అతని బావమరిది యోగం నేర్చినవాడు, అతను చెప్పాడు. మనిషి కుడిపక్కకి ఒరిగి పడుకుంటే ఎడమముక్కు తెరుచుకుంటుంది, ఎడమపక్కకి ఒరిగితే కుడిది. చంకలో ఏదైనా గట్టిగా అదిమిపెట్టినా అంతే, ఆ పక్కది మూసుకుని అవతలిది తెరుచుకుంటుంది. మర్నాడే దొరబాబు పాలేరు ఒక నవారు మంచం మోసుకొచ్చి లాకుల పక్కన చింతచెట్టు కింద వేశాడు. పరుపు, దిండు, అన్నీ. దొరబాబే వెనకాల వచ్చాడు.

"ఎండెక్కుతుంది పేరయ్యగారూ, కాసేపు నడుం వాల్చండి. అటు కాదండి. ఇటు. కుడిపక్కకి. ఆఁ, గాలి అటునుంచి వత్తాది."

పేరయ్య జన్మలో పరుపు మీద పడుకోలేదు. కుడిపక్కకి ఒరిగి, ఒరగడమే ఆలస్యం, గురక పెట్టాడు. కోటిలింగం వచ్చి అద్దం పెట్టేసరికి ఎడమముక్కు ఉప్పెనలా ఆడుతోంది. సగంలో ఉన్న షట్టరు పూర్తిగా దిగింది. దించడానికి అడ్డమున్న అసంపూర్ణ కార్యం సంగతి ఏమైందని ఎవరూ అడగలేదు. అడిగే మనిషి శివారున ఉంది.

అక్కడికి కబురు చేరేసరికి శివారు వాళ్ళు కూడా మంచం తెచ్చారు. వాళ్ళది నులకమంచం, పరుపు లేదు, కానీ జనం ఎక్కువ. పాపాయమ్మ ముందు నడిచింది. పరుపు మీద నిద్రపోతున్న పేరయ్యని నలుగురూ కాళ్ళూ చేతులూ పట్టుకుని ఎత్తి నులకమంచం మీద ఎడమపక్కకి తిప్పి వేశారు. దొరబాబు పాలేర్లు వచ్చి మళ్ళీ కుడిపక్కకి తిప్పారు. పెనం మీద అట్టు తిరగేసినట్టు తిరగేస్తుంటే పేరయ్య లేచి కూర్చున్నాడు.

"పడుకోనివ్వరా?"

"ఎటు పడుకుంటావో చెప్పి పడుకో!" అంది పాపాయమ్మ.

ఎవరో శివారు కుర్రకారు అతని ఎడమ చంకలో కొబ్బరికాయ దోపారు. దొరబాబు మనుషులు కుడి చంకలో ఇంకో కాయ దోపారు. రెండు చంకల్లో రెండు కొబ్బరికాయలతో, మొక్కుకి బయల్దేరినవాడిలా పేరయ్య గట్టు మీద నిలబడ్డాడు. కోటిలింగం అద్దం పెట్టాడు. రెండు పక్కలా సమానంగా ఆవిరి పట్టింది.

"సుషుమ్న!" అని అరిచాడు కోటిలింగం, భయంతోనో భక్తితోనో. "రెండూ సమంగా ఆడితే సుషుమ్న. ఈ స్థితిలో లౌకిక కార్యాలు ఏవీ చెయ్యకూడదు. ధ్యానం ఒక్కటే చెయ్యాలి."

అందుచేత ఆ పూట పేరయ్యని ధ్యానంలో కూర్చోబెట్టారు. ప్రభుత్వ జీతం మీద.

ఈ మంచాల గొడవ పై ఆఫీసుకి పోయింది. పై ఆఫీసు ఊరుకోలేదు. కొత్త సర్క్యులరు వచ్చింది. "లస్కర్లు విధి సమయమందు ఏ పక్కకును ఒరిగి పరుండరాదు. వెల్లకిల పరుండుట అనుమతించబడును. బోర్లా పరుండుటను గూర్చి ప్రత్యేక ఉత్తర్వులు జారీ చేయబడును. చంకలయందు ప్రైవేటు వస్తువులు ఉంచుకొనుట శిక్షార్హము. ప్రభుత్వ ప్రమాణములకు లోబడిన చంక కర్రలు మాత్రమే వినియోగించవలెను."

చంక కర్రలకి టెండరు పిలిచారు. వచ్చిన కర్రలన్నీ కుడి చంకవే. ఎడమ చంక కర్రలు వేరే తయారీ అని కాంట్రాక్టరు చెప్పాడు. కర్రకి కుడి ఎడమలేమిటని అడిగినవాడు ఆ శాఖలో లేడు. కుడి చంకలో కర్ర పెడితే ఎడమముక్కే తెరుచుకుంటుంది, షట్టరు దించడానికే పనికొస్తుంది. షట్టరు అప్పటికే దిగి ఉంది. దిగిన షట్టరుని మళ్ళీ దించమని కోటిలింగం రెండుసార్లు చెప్పాడు కూడా, కర్ర వాడినట్టు పైకి రాయాలి కాబట్టి. పేరయ్య హేండిలు తగిలించి గాల్లో తిప్పినట్టు తిప్పి తీశాడు.

నీళ్ళు పైన పెరుగుతున్నాయి. కింద శివారు చేలు నెర్రెలు విచ్చడం మొదలుపెట్టాయి. పైరు ఈని, గింజ పాలు పోసుకునే వేళ. ఆ వేళ ఒక్క తడి అందితే గింజ, అందకపోతే తాలు. ఈ సంగతి శివారు పసిపిల్లలకి కూడా తెలుసు. శాఖకి కూడా తెలుసు, కానీ శాఖకి ముందు ముక్కు తేలాలి.

సరిగ్గా అప్పుడు పేరయ్యకి జలుబు చేసింది.

రెండు ముక్కులూ బిగుసుకుపోయాయి. మాట్లాడితే మేక అరిచినట్టుంది. కోటిలింగం అద్దం పెట్టాడు, ఆవిరి లేదు. అద్దం తుడిచి పెట్టాడు, లేదు. అద్దంలో తన మొహం చూసుకుని బెదిరాడు.

"బతికే ఉన్నావా పేరయ్యా?"

"ఉన్నానండి."

"ఉన్నట్టు రుజువేం లేదే!"

కుడిముక్కుకి రూలుంది, ఎడమముక్కుకి రూలుంది, రెండూ ఆడితే రూలుంది. రెండూ ఆడకపోతే రూలు లేదు. పైకి రాశాడు. పైనుంచి జవాబు వచ్చింది: "ఉభయ నాసికా స్తంభన స్థితిలో నున్న సిబ్బందిని శ్వాస పునరుద్ధరణ జరుగు పర్యంతము నాసికా రహితులుగా పరిగణించవలెను. నాసికా రహితులు షట్టరును స్పృశించరాదు."

పాపాయమ్మ మిరియాల కషాయం కాచింది, వాము మూట కట్టి వాసన చూపించింది, దుప్పటి కప్పి ఆవిరి పట్టింది. ముక్కు తెరిపించడానికి ఆమె పడిన పాట్లు నీళ్ళ కోసమే అయినా, పెళ్ళయిన నాటినుంచీ పేరయ్యకి అంత సేవ జరగలేదు.

"ఊదు. ఇంకా ఊదు. కుడిది. ఓరి నీ ముక్కు తగలెయ్య, కుడిది ఊదమంటే చెవులూదుతావేటి!"

"రాదే."

"నా చేను ఎండిపోతంది మామా." ఆమె గొంతు మెత్తబడింది. ఆమె అతన్ని మామా అని పిలిచి చాలా ఏళ్ళయింది.

చిత్రమేమిటంటే అప్పటికి దొరబాబు కూడా మారిపోయాడు. షట్టరు దిగి దిగి, కాలవ నిండి, తూములు మూసినా నీళ్ళు గట్టు పొర్లి ఎగువ చేలల్లో మోకాలి లోతు నిలిచాయి. పైరు వాలిపోతోంది. కమిటీవారు బాగు చేయించిన కొత్త గట్టుకి చెమట పట్టడం మొదలైంది. దొరబాబు తన నవారు మంచం మళ్ళీ తెచ్చి వేసి, పేరయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఎడమపక్కకి పడుకోండి పేరయ్యగారూ. దండం పెడతాను. షట్టరు ఎత్తించండి."

"వెల్లకిలే పడుకోమన్నారండి" అన్నాడు పేరయ్య.

ఎగువా శివారూ ఏకమయ్యాయి. ఆ ఊరి చరిత్రలో అలా జరగడం అదే మొదలు. అందరూ కలిసి పెద్ద ఇంజనీరు గారిని రమ్మని కబురు పెట్టారు. ఆయన శాఖవారు జరిపే నాసికా వారోత్సవాల సందర్భంగా ఎలాగూ వస్తున్నారు.

షామియానా వేశారు. కుర్చీలు తెచ్చారు. పేరయ్యకి ఉతికిన చొక్కా తొడిగి, మొదటి వరసలో కూర్చోబెట్టారు. ఆ ఉదయమే అతని జలుబు కాస్త విడిచి, కుడిముక్కులో సన్నగా గాలాడుతోంది. పాపాయమ్మ గుడ్డ పట్టుకుని వెనకే నిలబడింది, ఆ గాలి ఎక్కడ పోతుందోనని.

విశ్వంభరరావు గారు కారు దిగారు, దండ వేయించుకున్నారు, మైకు పట్టుకున్నారు. "సోదర సోదరీమణులారా! నీరు పల్లమెరుగును అని పామరులు భావింతురు. కాదు! నీరు శ్వాసనెరుగును. మన శాఖ ఈ సత్యమును గ్రహించిన నాటినుండి ఈ కాలువపై ఒక్క గండియు పడియుండలేదు." ఆ వరద తర్వాత మరో వరదే రాలేదన్న సంగతి ఆయన చెప్పలేదు.

"బాబూ, నీళ్ళు ఇప్పించండి" అని పాపాయమ్మ వెనకనించి అరిచింది.

"తప్పక! ఇప్పుడే, ఈ వేదిక నుండే. అయితే ఇట్టి మహత్కార్యమునకు ఆజ్ఞాపించువాని నాసికయు, నిర్వర్తించువాని నాసికయు ఏకకాలమున సూర్యనాడిలో నుండవలెను. దీనిని ద్వినాసికా సమన్వయము అందురు."

కోటిలింగం రెండు అద్దాలతో పరుగెత్తుకొచ్చాడు. ఇప్పుడు అద్దాలు మంజూరయ్యాయి, వెండి అంచు ఉన్నది పెద్దాయనకి. పేరయ్యది కుడి. పెద్దాయనది ఎడమ. వేచి ఉన్నారు. జనం నోరు తెరిచి ఒకాయన ముక్కు వైపు చూస్తూ ఎండలో కూర్చున్నారు. భోజనాలయ్యాయి. ఆవడలు తిన్నాక పెద్దాయన ముక్కు తిరిగింది, కుడి! జనం చప్పట్లు కొట్టారు. కోటిలింగం పేరయ్య దగ్గరికి ఉరికాడు. పేరయ్యది ఎడమకి తిరిగిపోయింది.

"ఇప్పుడే తిరిగిందండి" అన్నాడు పేరయ్య, తప్పు చేసినట్టు.

మళ్ళీ వేచి ఉన్నారు. పొద్దువాలుతుండగా పేరయ్యది కుడికి వచ్చింది. అప్పటికి పెద్దాయన కుర్చీలో కుడిపక్కకి ఒరిగి కునుకు తీస్తున్నారు. లేపి అద్దం పెడితే ఎడమ. పెద్ద ఇంజనీర్లు ఎటైనా ఒరగవచ్చు, ఆ సర్క్యులరు లస్కర్లకే.

విశ్వంభరరావు గారు లేచి నిలబడ్డారు. ఆయన మొహంలో నిరాశ లేదు. వెలుగుంది.

"ఈ అనుభవము మనకొక నూతన పథమును చూపినది. ఒకే నాసికతో ఎత్తుటయు దించుటయు సాధ్యము కాదు. కావున ప్రతి లాకునకు ఇద్దరు లస్కర్లు. సూర్యనాడి లస్కరు ఎత్తును, చంద్రనాడి లస్కరు దించును. రికార్డుల ప్రకారము పేరయ్య నాసిక అధికముగా చంద్రనాడి యందున్నది." కోటిలింగం ఎక్కువసార్లు పాలేరు పరుపు వేసి వెళ్ళాకే వచ్చి చూశాడన్న సంగతి రికార్డుల్లో లేదు. "అతని సుదీర్ఘ సేవలను గుర్తించి, అతనిని ఈ దినమునుండి మెరకపాలెం లాకుల చంద్రనాడి లస్కరుగా పర్మినెంటు చేయుచున్నాను!"

కాగితం ఇచ్చారు. ఫోటో తీశారు. పేరయ్య కాగితాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. గుండ్రటి ముద్ర ఉంది. సంతకం ఉంది. ఎన్నేళ్ళనుంచో మనసులో చూసుకున్న కాగితం అచ్చం అలాగే ఉంది.

"మరి ఎత్తేవాడెవడండి?" అని దొరబాబు అడిగాడు.

"సూర్యనాడి లస్కరు నియామకమునకు త్వరలో ప్రకటన వెలువడును. అంతవరకు షట్టరు యథాస్థితి. చంద్రనాడి లస్కరు పొరపాటున ఎత్తినచో ఉద్యోగము రద్దగును."

కారు వెళ్ళిపోయింది. షామియానా విప్పారు.

పేరయ్య ఇంటికి వచ్చేసరికి పాపాయమ్మ అన్నం వార్చి ఉంచింది. తిట్టలేదు. అతను తిట్ల కోసం ఎదురుచూశాడు, రాలేదు. ఆమె కొంగులోంచి ఒక వరి కంకి తీసి దీపం దగ్గర పెట్టి, గింజని గోటితో నొక్కింది. పాలు వచ్చాయి, కానీ చుక్క. ఇంకో గింజ నొక్కింది. పొట్టు.

"పర్మినెంటయ్యావు" అంది.

"ఊఁ."

"మంచిదే. ఎదురుచూత్తానే ఉన్నావు." కంకిని చూరులో గుచ్చింది. "ఇదే తాత్కాలికం."

ఇద్దరూ అన్నం తిన్నారు. పేరయ్య కాగితాన్ని మళ్ళీ చూసుకున్నాడు. చూసి మడిచి, బియ్యం డబ్బాలో పెట్టాడు.

మర్నాడు తెల్లవారగానే అతను లాకుల దగ్గరికి వెళ్ళాడు. అద్దం లేదు, కోటిలింగం లేడు. హేండిలు తగిలించి తిప్పడం మొదలుపెట్టాడు. షట్టరు చాలా కాలం దిగి ఉండడంవల్ల బిగుసుకుంది, కదల్లేదు. కాలు తన్నిపెట్టి తిప్పాడు. కదిలింది. సగం దాటింది. ఆగలేదు. నోటితో పీల్చాడో, ముక్కుతో పీల్చాడో, ఆ నీళ్ళ మోతలో అతనికే తెలియదు. షట్టరు పైకంటా లేచి పై దూలానికి తగిలి టంగుమంది.

హేండిలు ఊడదీశాడు. భుజాన వేసుకున్నాడు. ఇక ఆ షట్టరుని ఏ నాడిలోనూ దించడం ఎవరివల్లా కాదు. నీళ్ళతోపాటే గట్టు దిగి నడిచాడు. నీళ్ళు కాస్త ముందుకి పోతున్నాయి, అతను వెనకబడుతున్నాడు, అడ్డం పడిన గడ్డి కాలితో తోస్తున్నాడు, మళ్ళీ అందుకుంటున్నాడు.

శివారు చేలో పాపాయమ్మ పార పట్టుకుని నిలబడి ఉంది. ఎవరు చెప్పారో, నీళ్ళ చప్పుడే చెప్పిందో. అతని భుజాన హేండిలు చూసింది. అతని మొహం చూసింది.

"ఏ ముక్కయ్యా?"

"చూసుకోలేదు."

ఆమె పార అతని చేతికిచ్చింది. పేరయ్య హేండిలు గట్టు మీద పెట్టి, లుంగీ ఎగ్గట్టి చేలోకి దిగి, నీళ్ళు పారడానికి మడవ తెంచాడు.